బానెట్ మీద బుడగలు

మే 6

మామయ్యా,

క్షేమమా అని అడగను. కొత్త కారు కొన్నవాళ్ళు క్షేమంగానే ఉంటారు.

నువ్వు స్పోర్ట్స్ కారు కొన్నావని నాకు నిన్న తెలిసింది. నువ్వు చెప్తే కాదు, అమ్మ చెప్తే. అమ్మ కూడా పనిగట్టుకుని చెప్పలేదు. ఆరిన బట్టలు మడతపెడుతూ, "మా తమ్ముడు కారుకి ఏదో తొడుగు వేయించాలా వద్దా అని అక్కడి షాపువాణ్ణి అడిగాడట. వాడు వేయించమన్నాడట. వీడికి నమ్మకం కుదరడం లేదట" అంది. దిండు గలీబు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఏదో తొడుగు! మూడేళ్ళుగా నేను చేస్తున్న పని అదే కదా మామయ్యా. సబ్బునీళ్ళు చల్లి, కారు రంగు మీద కంటికి ఆనని ఫిల్ము పరిచి, రబ్బరు పలకతో నీళ్ళు బయటికి తోసి, అంచులు లోపలికి మడిచి, పొద్దున షాపు తెరిచింది మొదలు మూసేదాకా నేను చేసేది అదే. మన చుట్టాలందరిలో ఈ పని తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారంటే అది నేనొక్కదాన్నే. నువ్వు మాత్రం ముక్కూ మొహం తెలియని షాపువాణ్ణి అడిగావు. రేపు నాకు పన్ను నొప్పి పుడితే, నిన్ను కాదని మా వీధి చివర బోర్డు పెట్టుకున్నాయన దగ్గరికి వెళ్తాననుకో. ఆ సంగతి నీకు ఇంకెవరో చెప్తే ఎలా ఉంటుంది? నాకు నిన్న అలాగే ఉంది.

ఫోను చేసి అడిగేసేదాన్ని. పోయినసారి మనిద్దరం ఫోనులో అరుచుకున్నాక, నీ నంబరు ఈ ఇంట్లో మోగడానికి వీల్లేదని అమ్మ ఆర్డరు వేసింది కదా. "ఏం తిట్టుకున్నా కాగితం మీద తిట్టుకోండి. కాగితం అరవదు" అంది. అరవదని అమ్మ అనుకుంటోంది. ఇది చదివాక నువ్వే చెప్పు.

కారు ఏం రంగు? ఎండలో పెడుతున్నావా, నీడలోనా? ఆ షాపువాడు ముందు భాగానికి మాత్రమే వేయించమన్నాడా, మొత్తానికా? జవాబు రాయి. రాయకపోతే నేనే వస్తాను, అది నీకే మంచిది కాదు.

నీ మేనకోడలు
(ఇంకా మేనకోడలినే అనుకుంటున్నాను)


మే 13

గడుగ్గాయికి,

నీ ఉత్తరం క్లినిక్‌కి వచ్చింది. బయట ఇద్దరు పేషెంట్లు కూర్చుని ఉండగా చదివాను. నా మొహం చూసి ఒకాయన మళ్ళీ వస్తానని లేచి వెళ్ళిపోయాడు. కాగితం అరవదని మీ అమ్మ అన్నది నిజమే. చదివినవాడే అరవాల్సి వస్తోంది.

కారు ముదురు నీలం. రెండే తలుపులు. నేలకి జానెడు ఎత్తున ఉంటుంది. "ఈ వయసులో మడతపెట్టుకుని దూరుతున్నారు, విడతలవారీగా బయటికి వస్తున్నారు" అని మీ అత్తయ్య రోజూ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నవ్వనీ. ముప్ఫై ఏళ్ళు జనం నోళ్ళలోకి వంగి చూసిన నడుము ఇది. ఒక్కసారైనా వెనక్కి వాలి కూర్చుని రోడ్డుకేసి చూడాలనిపించింది. కొనుక్కున్నాను. అందులో తప్పేముంది?

నిన్ను ఎందుకు అడగలేదో చెప్తాను విను. నువ్వేం చెప్తావో నాకు ముందే తెలుసు. గొడుగులు అమ్మే మనిషిని వాన పడుతుందా అని ఎవరైనా అడుగుతారా? ఈ సంగతి నాలో నాకు తేలాలి. మీ అమ్మ టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తొడిగేది, గుర్తుందా? కవరుకి జిడ్డు పట్టి, అంకెలు అలుక్కుపోయి, ఏది నొక్కుతున్నామో తెలియకుండా పోయినా లోపల రిమోటు మాత్రం మెరిసిపోతూ ఉండేది. ఎవరి కోసం మెరిసింది? టీవీ మార్చిన రోజున దాన్ని పారేశాం. అప్పటిదాకా దాని ఒంటి మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఇంత అందమైన నీలం కొనుక్కుని నేను కూడా ప్లాస్టిక్‌లోంచి చూసుకోవాలా? రంగు అన్నాక గీతలు పడతాయి. మనిషి మొహం మీద పడడం లేదూ?

ఇంకో మాట. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. రెండేళ్ళు దంతవైద్యం చదివి, మానేసి, నువ్వు ఈ పనిలోకి వెళ్ళినప్పుడు నేను ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. నీ చేతి నిదానం ఎలాంటిదో మీ అమ్మకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. ఆ చేత్తో మనుషుల పళ్ళు బాగుచేయాల్సిన దానివి కార్లకి జిగురు కాగితాలు అతికిస్తున్నావు. ఇప్పుడు నా కారు తెచ్చి నీ ముందు పెడితే, నువ్వు చేసింది మంచి పనేనని నేను ముద్ర వేసినట్టే. ఆ ముద్ర నేను వెయ్యను.

అన్నట్టు, ఆ షాపువాడు కారు మొత్తానికి వేయించాలన్నాడు. తల నుంచి తోక దాకా. అందుకే నమ్మకం కుదరలేదు.

నీ మంచి కోరే
మామయ్య


మే 19

దంతవైద్యులు శ్రీ డాక్టరుగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మిమ్మల్ని ఇక నుంచి 'మీరు' అనే అంటాను. జిగురు కాగితాలు అతికించేవాళ్ళు డాక్టర్లని 'నువ్వు' అనకూడదు కదా.

వృత్తి మీద గౌరవంతో మీకు కొన్ని విషయాలు మనవి చేసుకుంటున్నాను.

మీ దగ్గరికి చిన్నపిల్లల్ని తీసుకొస్తారు. వాళ్ళకి కొత్తగా వచ్చిన దవడ పళ్ళ గాడుల్లో, పుచ్చిపోకుండా, మీరు సన్నటి పూత పూస్తారు. నేను పక్కన నిలబడి దీపం పట్టుకున్నాను కాబట్టి నాకు తెలుసు. అప్పుడు ఆ తల్లులతో మీరు ఏమంటారు? "పన్ను అన్నాక పుచ్చుతుందమ్మా, మనిషి మొహం మీద గీతలు పడడం లేదూ" అంటారా? గట్టిగా కోప్పడి మరీ పూస్తారు. పంటికైతే రక్షణ, కారుకైతే పిరికితనం. ఇదేం న్యాయమో మీరే చెప్పాలి.

రిమోటు కవరు సంగతి. అది వదులుగా ఉంటుంది, అందుకే జిడ్డు పడుతుంది. మా ఫిల్ము రంగుని చర్మంలా పట్టుకుంటుంది. వేశారో లేదో తెలియాలంటే తలుపు తెరిచి, అంచు ఎక్కడుందా అని గోటితో వెతకాలి. మీ నీలం మీకు నీలంగానే కనిపిస్తుంది. పెద్ద రోడ్డు మీద ముందు వెళ్ళే లారీ టైరు ఒక గులకరాయిని చిమ్మితే, వెనక వస్తున్నది డాక్టరా ఇంకొకరా అని ఆ రాయి ఆగి చూడదు. మీ కారు నేలకి జానెడు ఎత్తు. అది తిన్నగా వచ్చి బానెట్‌కే కొడుతుంది. ముదురు రంగు మీద దెబ్బ తెల్లగా, ఉప్పురవ్వలా కనిపిస్తుంది. రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను.

కారు మొత్తానికి మాత్రం అక్కర్లేదు. బానెట్, బంపరు, పక్క అద్దాల వీపులు, హెడ్‌లైట్లు, అంతే. మిగతా ఒంటికి రాళ్ళు తగలవు. గొడుగులు అమ్మే మనిషి "మీకు సగం గొడుగు చాలు" అంటుందా డాక్టరుగారూ?

చివరిగా ఒకటి. చదువు ఎందుకు మానేశానో మీరెప్పుడూ అడగలేదు. ఎలా మానేస్తావని అడిగారు, ఎందుకు అని అడగలేదు. సెలవుల్లో మీ క్లినిక్‌లో పని నేర్చుకునేటప్పుడు మీరు నా వెనక నిలబడేవారు. నేను అద్దం పట్టుకున్నా, దూది తీసినా, పేషెంటుని నోరు తెరవమన్నా, నా చెవి వెనక 'చ్చ్' అని వినిపించేది. తప్పు చేసినప్పుడే కాదు, చేయబోతున్నానని మీకు అనిపించినప్పుడు కూడా. తర్వాత కాలేజీలో మీరు లేకపోయినా వినిపించేది. చెయ్యి వణికేది. మీకు తెలుసంటున్న ఆ నిదానమైన చెయ్యే.

ఇక్కడ నా వెనక ఎవరూ నిలబడరు. చెయ్యి వణకదు.

కారు మా షాపుకి తెస్తే తెండి. లేకపోతే రాళ్ళకి వదిలేయండి. ముద్ర మీ దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు
జిగురు కాగితాలమ్మాయి


మే 27

ఏమే,

నువ్వు 'మీరు' అని రాసిన ప్రతిచోటా నాకు కంట్లో నలుసు పడినట్టే ఉంది. పుట్టినప్పటి నుంచీ నా జేబులో చెయ్యి పెట్టి చాక్లెట్లు లాక్కున్నదానివి, ఇప్పుడు శ్రీలు, నమస్కారాలూనా! పళ్ళు నూరుకునే పేషెంట్లకి రాత్రిపూట పెట్టుకోమని నేను రబ్బరు తొడుగులు ఇస్తుంటాను. నీ ఉత్తరం చదివాక నాకే ఒకటి చేయించుకోవాల్సి వస్తోంది.

'చ్చ్' అనేవాణ్ణా? నాకు తెలియదు. మీ అత్తయ్యని అడిగాను. "ఇప్పుడూ అన్నారు" అంది.

సరే. పిల్లల పళ్ళ పూత గురించి నువ్వు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఒప్పుకోవాలి. ముందు భాగానికి మాత్రమే వేయించుకుంటాను. కానీ కారుని మీ షాపులో ఒక రాత్రంతా వదలను. ఎవరెవరు చేతులు వేస్తారో, ఎవరు ఎక్కి కూర్చుంటారో! నువ్వే ఇక్కడికి రా. వచ్చే నెల రెండో ఆదివారం. మా ఇంటి పక్క రేకుల షెడ్డు ఖాళీ చేయిస్తాను. నీళ్ళకి కుళాయి ఉంది, కరెంటు ఉంది.

ఇది ముద్ర కాదు. నీ పని చూస్తాను. చూశాకే మాట.

మామయ్య


జూన్ 10

గడుగ్గాయికి,

ఇంత కోపంతో నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఒకసారి కరెంటు ఆఫీసుకి రాశాను, అది కూడా ఇంతలా లేదు.

నువ్వు ఆదివారం సాయంత్రం ఒక్క మాటైనా మాట్లాడకుండా, మీ అత్తయ్య పెట్టిన కాఫీ అక్కడే వదిలేసి స్టేషనుకి వెళ్ళిపోయావు. నీరసంగా ఉందేమో అనుకున్నాను. సోమవారం పొద్దున షెడ్డు తలుపు తీసి చూద్దును కదా, బానెట్ నిండా బొబ్బలు! చికెన్‌పాక్స్ వచ్చిన పిల్లాడి వీపులా ఉంది. కొన్ని ఆవగింజంత, కొన్ని బఠాణీ గింజంత. వేలితో నొక్కితే అటూ ఇటూ కదులుతున్నాయి. లోపల నీళ్ళు! హెడ్‌లైటు పక్కన ఉన్నవి అయితే కదలను కూడా కదలడం లేదు.

నిన్న క్లినిక్ ముందు కారు ఆపితే మందుల షాపాయన వచ్చి వంగి చూసి, "కొత్త కారుకి ఇదేంటి డాక్టరుగారూ, వర్షంలో తడిసిందా?" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ఏం చెప్పను? మా మేనకోడలు చేసిన పని అని చెప్పుకోనా?

సగంలో వదిలేయడం నీకు అలవాటే. చదువు అలాగే వదిలేశావు. ఇప్పుడు నా కారునీ అలాగే వదిలేశావు. నిదానమైన చెయ్యి అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

శనివారం దాకా చూస్తాను. ఏమీ రాకపోతే నా తంటాలు నేనే పడతాను. సున్నితమైన పని నాకేమీ కొత్త కాదు.

మామయ్య


జూన్ 10

మామయ్యా,

'మీరు' అనడం కూడా మర్చిపోతున్నాను, అంత కోపంగా ఉంది. రెండు రోజులు ఆగితే తగ్గుతుందేమో అని ఆగాను. తగ్గలేదు.

ఆదివారం క్లినిక్ ఎవరికి తెరిచావు? నేను మొదటి రైలుకి దిగి, రోలూ, స్ప్రే సీసాలూ, వేడిగాలి మిషనూ మోసుకుంటూ వచ్చేసరికి నువ్వు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నావు. "పనుంది" అన్నావు. పని! నీ ఆదివారాలు నాకు తెలియవా? పేపరు చదవడం, ఆ పేపరు మొహం మీద వేసుకుని పడుకోవడం. అవి మానేసి మరీ పోయావు, నన్ను తప్పించుకోవడానికి.

"నీ పని చూస్తాను" అని రాసింది నువ్వే. ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో నీకు తెలియదు. మా షాపు నడిపే మేడమ్ వెళ్ళొద్దంది. "రేకుల షెడ్డులో దుమ్ముంటుంది, గాలి కొడుతుంది. అక్కడ పని శుభ్రంగా రాదు. బండినే ఇక్కడికి రప్పించు" అంది. ఆవిడ మాట కాదని వచ్చాను. నువ్వు చూస్తావని వచ్చాను. నేను బానెట్ మీద ఫిల్ము పరిచి, ఒక్క లాగుతో మధ్య నుంచి అంచు దాకా నీళ్ళు తోసేసినప్పుడు పక్కన ఎవరున్నారో తెలుసా? అత్తయ్య. "అబ్బా, అద్దంలా ఉందే!" అంది పాపం. తనకి చేతనైనంత సేపు దీపం పట్టుకుంది. నువ్వు సాయంత్రం వచ్చి, బూట్లు విప్పుతూ, "అయిపోయిందా?" అన్నావు. పైపు రిపేరు చేసినవాణ్ణి అడిగినట్టు. షెడ్డు వైపు కూడా చూడలేదు.

దానికంటే వెనక నిలబడి 'చ్చ్' అన్నా బాగుండేది.

అందుకే కాఫీ తాగలేదు. తాగి ఉంటే ఏడ్చేదాన్ని.

ఆ కోపంలో, ప్రతి బండి యజమానికీ తాళాలతో పాటు చెప్పే మాట నీకు చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడు చెప్తున్నాను. ఫిల్ము కింద నీటి బుడగలు కనిపిస్తాయి. కంగారు పడకు. లోపల మిగిలిన నీళ్ళు మెల్లగా ఫిల్ములోంచే ఆరిపోతాయి, రెండు మూడు వారాలు పట్టొచ్చు. దాన్ని నొక్కొద్దు, గిల్లొద్దు, కడగొద్దు, ముట్టుకోవద్దు. ఎండ తగిలేలా పెట్టి వదిలెయ్యి.

ఫోను చేసి చెప్పాల్సిన మాటే. అమ్మ ఆర్డరు ఒక పక్క, నీ గొంతు వినబుద్ధి కాకపోవడం ఇంకో పక్క.

నీ మేనకోడలు


జూన్ 17

ఏమని పిలవాలో తెలియక పిలవడం లేదు.

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. శనివారం అయిపోయింది.

ఏం జరిగిందో నా నోటితోనే చెప్తాను, మీ అత్తయ్య ఎలాగూ మీ అమ్మకి చెప్పేసి ఉంటుంది. క్లినిక్ నుంచి అన్నిటికంటే సన్నటి సూది ఉన్న సిరంజి తెచ్చాను. కళ్ళకి భూతద్దాలు పెట్టుకున్నాను. చేతులకి గ్లవుజులు కూడా వేసుకున్నాను, అలవాటు. మీ అత్తయ్య దీపం పట్టుకుని, "ముందు మత్తు ఇచ్చారా దానికి?" అంది. నవ్వొద్దని కసిరాను. ఒక్కొక్క బొబ్బ పక్కనా సూది దింపి, లోపలి నీళ్ళు లాగేశాను. ఒక్క చుక్క కింద పడలేదు. పని అయ్యేసరికి బానెట్ చదునుగా ఉంది. నిజం చెప్పాలంటే నాకు చాలా గర్వం వేసింది. నీకు ఒక ఉత్తరం కూడా మనసులో రాసేసుకున్నాను, "చూశావా, పని అంటే ఇలా ఉండాలి" అని.

ఆదివారం ఎండలో బయటికి తీశాను. బొబ్బ ఉన్న ప్రతిచోటా ఒక తెల్లటి చుక్క. ఉప్పురవ్వలా. సూది ఫిల్ముని దాటి రంగులోకి దిగింది. చిగురైతే ఎంత లోతు దించాలో నా చేతికి తెలుసు. ఇది చిగురు కాదు. రాళ్ళు తగలకుండా ఫిల్ము వేయించుకుని, లారీలన్నీ కలిసి ఏడాదికి చేయలేని పని ఒక్క పూటలో నేనే చేసుకున్నాను.

సిగ్గుగా ఉంది. కానీ దానికంటే కోపమే ఎక్కువగా ఉంది, నా మీద, నీ మీద. ముట్టుకోవద్దన్న ఒక్క ముక్క చెప్పి వెళ్ళడానికి నీకు నోరు రాలేదా? నేను పన్ను పీకి, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పకుండా, పేషెంటు మీద అలిగి లేచి వెళ్ళిపోతే ఊరుకుంటారా? డాక్టరుకి అలగడానికి హక్కు లేదు. నీకూ లేదు.

ఇంకొకటి. హెడ్‌లైటు పక్కన ఉన్నవాటిలోంచి నీళ్ళు రాలేదు. భూతద్దాల్లోంచి చూశాను. అవి బుడగలు కావు, ఇసుక రేణువులు. బంపరు మూలలో ఒక వెంట్రుక కూడా ఉంది. పొడుగ్గా ఉంది. నాది కాదు, నాకు అంత జుట్టు లేదు. ఇవి కూడా రెండు మూడు వారాల్లో ఆరిపోతాయా?

ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయానో అడిగావు. వెనక నిలబడితే చెయ్యి వణుకుతుందని నువ్వే రాశావు. అందుకని వెళ్ళిపోయాను. క్లినిక్ తెరవలేదు. మెట్ల మీద కూర్చున్నాను. చెప్పులు కుట్టేవాడు ఉంటే పాత బూట్లు కుట్టించాను. వచ్చాక షెడ్డులోకి తొంగి చూస్తే ఎక్కడ నోట్లోంచి 'చ్చ్' వచ్చేస్తుందో అని చూడలేదు. నీకు మంచి చేద్దామనుకున్నాను. అదీ తప్పే అయింది.

మామయ్య


జూన్ 22

మామయ్యా,

నీ ఉత్తరం షాపులో చదివాను. సిరంజి దగ్గరికి వచ్చేసరికి గట్టిగా అరిచేశాను. మేడమ్ ఏమైందని పరిగెత్తుకొచ్చింది. చదివి వినిపించాను. ఆవిడ స్టూలు మీద కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఇన్నేళ్ళలో గోళ్ళతో గిల్లినవాళ్ళని చూశాను, ఇస్త్రీపెట్టె పెట్టినవాణ్ణి చూశాను. ఆపరేషను చేసినాయన్ని ఇప్పుడే వింటున్నాను" అంది. నాకు మాత్రం నవ్వుతో పాటు కోపం కూడా వచ్చింది.

పీకిన పన్ను చోట నాలుకతో తడుముతూ ఉండే పేషెంట్లని నువ్వు ఎంత తిడతావు! "మీరు ఊరుకుంటే అదే మానుతుంది, మీరే ఊరుకోవడం లేదు" అంటావే! అది నీకు వర్తించదా?

సరే. ఇప్పుడు నా వంతు. చెప్పకుండా రావడం తప్పే. నువ్వు అన్నది న్యాయం, అలగడానికి హక్కు లేదు. ఇసుక కూడా నిజం. ఆ మూల చేస్తున్నప్పుడు గాలి కొట్టింది, ఏదో పడిందని వేళ్ళకి తెలిసింది. ఫిల్ము ఎత్తి కడిగి మళ్ళీ వేయాలి. నువ్వు ఎలాగూ చూడడం లేదు కదా అని ఒళ్ళు మండి అలాగే నొక్కేశాను. అవి ఎప్పటికీ ఆరవు. నీ కన్ను సరిగ్గానే చూసింది. అది రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలియాలి.

కానీ 'సగంలో వదిలేయడం నీకు అలవాటు' అన్నావే, దానికి మాత్రం నేను ఒప్పుకోను. నచ్చని పని వదిలేశాను. నచ్చిన పనిలో మూడేళ్ళుగా మోకాళ్ళు కాయలు కాచేలా కూర్చున్నాను. ఆ రెండిటికీ తేడా తెలియనివాడివి కాదు నువ్వు.

ఇక మెట్ల మీద కూర్చున్న సంగతి. అది చదివాక కోపం తగ్గుతుందనుకుంటే ఇంకా పెరిగింది. నీకు రెండే దారులా మామయ్యా? అయితే మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడాలి, లేకపోతే ఊరవతలికి పోయి బూట్లు కుట్టించుకోవాలి! మధ్యలో ఎక్కడో ఒక కుర్చీ వేసుకుని నోరు మూసుకుని కూర్చోవడం అనే దారి ఒకటుందని నీకెవరూ చెప్పలేదా?

ఆ కుర్చీ మా షాపులో ఉంది. పని గదికీ బయటి గదికీ మధ్య పెద్ద అద్దం ఉంటుంది, దాని ముందు బెంచీ. కారు తీసుకుని రా. ఈ ఫిల్ము తీసేయాలి. అది తీశాక కింద చుక్కలు అలాగే ఉంటాయి. కొత్తది వేసినా దాని కిందనుంచి కనిపిస్తూనే ఉంటాయి. మళ్ళీ వేయించుకోవాలో వద్దో నువ్వే తేల్చుకో. వేయించుకుంటే మాత్రం కారు రాత్రికి ఇక్కడే ఉంటుంది. మేనమామలకి వేరే వరస లేదు. ముందు వచ్చినవాళ్ళది ముందు, తర్వాత నీది.

నీ మేనకోడలు


జూలై 11

గడుగ్గాయికి,

మీ అత్తయ్యా నేనూ ఇంటికి చేరి నాలుగు రోజులైంది. ఇంకా కోపంగానే ఉన్నాను, కాబట్టి ఈ ఉత్తరం ఎలా మొదలవుతుందో అని భయపడకు, ఎప్పటిలాగే మొదలవుతుంది.

మొదట నన్ను పిలిచిన తీరు. బెంచీ మీద అంతమంది కూర్చుని ఉండగా తలుపు తీసుకుని వచ్చి, నా వైపు చూస్తూనే, "నీలం బండి ఎవరిది?" అన్నావు. బడిపిల్లాడిలా చెయ్యెత్తాను. ముప్ఫై ఏళ్ళుగా "తర్వాత ఎవరు?" అని పిలిచినవాణ్ణి నేను. పిలిపించుకోవడం ఎలా ఉంటుందో తెలియదు. పక్కనాయన అయితే, "మీకు త్వరగా పిలుపొచ్చిందే" అని కుళ్ళుకున్నాడు. మేనకోడలని చెప్పలేదు. చెప్తే వరస తప్పించి పిలిచావనుకుంటాడు.

చుక్కలు చూపించి, "ఇవి ఇలాగే ఉంటాయి. వేయమంటారా, వద్దా?" అని ఎవరో కొత్తవాణ్ణి అడిగినట్టు అడిగావు. ఆ 'మంటారా'కి నా ఒళ్ళు మండింది. అయినా వేయమన్నాను. రాళ్ళకి భయపడి కాదు. వద్దంటే నువ్వు పని చేస్తుండగా చూసే వీలు మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియక.

చూశాను. అద్దం ఇవతల నుంచి. బంపరు మూల దగ్గర నువ్వు ఫిల్ము వేశావు, నాకు బాగానే కనిపించింది. ఎత్తేశావు. నీళ్ళు కొట్టి మళ్ళీ వేశావు. అదీ బాగానే ఉంది. మళ్ళీ ఎత్తేశావు. ఎందుకు ఎత్తుతున్నావో ఎంత చూసినా నాకు అర్థం కాలేదు. ఒక మనిషి చేస్తున్న తప్పు నాకు కనిపించకపోవడం ఈ మధ్య కాలంలో అదే మొదటిసారి. మూడోసారి వేసినప్పుడు నువ్వు ఆగి, భుజాలు దించావు. అప్పుడు నేను కూడా దించానని మీ అత్తయ్య అంది. 'చ్చ్' అన్నానో లేదో గుర్తులేదు. అద్దం మీద ఊపిరి పొగ మాత్రం ఉంది, రుమాలుతో తుడిచేశాను.

నీ చెయ్యి వణకలేదు.

ఇప్పుడు అసలు కోపం. నిన్న ఒక పాత పేషెంటు వచ్చాడు. బయట కారు చూసి, ఎవరు వేశారీ ఫిల్ము, అంచే కనిపించడం లేదన్నాడు. మా మేనకోడలు అన్నాను. "అయ్యో, డాక్టరు చదువుతోందన్నారు కదా, ఆ పనిలోకి దిగిందా?" అన్నాడు. ఆ అయ్యో ఏమిటి? నా నోట్లోంచి ఇన్నాళ్ళూ వచ్చింది ఆ అయ్యోయేనా? కుర్చీలో పడుకోబెట్టి, నోరు పెద్దగా తెరవమని, అవసరానికి మించి చాలాసేపు తెరిపించే ఉంచాను. మాట్లాడడానికి వీల్లేకుండా ఉన్నప్పుడు చెప్పాను, అది ఎలాంటి పనో, ఒక మూల కోసం ఎన్నిసార్లు ఎత్తి వేయాలో, నేనైతే మొదటిసారికే చాలనుకునేవాణ్ణని. గుడ్లు తేలేసి విన్నాడు. పళ్ళలో పుచ్చు ఏమీ లేదు. అయినా తిట్టి పంపాను.

బానెట్ ఎడమ పక్కన ఒక బుడగ ఉంది. బఠాణీ గింజ కంటే పెద్దదే. అది నీళ్ళో, ఇసుకో, పోతుందో, ఉంటుందో నిన్ను అడగడం లేదు. రోజూ పొద్దున కారు ఎండలోకి తీసి, చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడుతున్నాను. నిలబడడం చాలా కష్టంగా ఉంది. ఇవాళ మీ అత్తయ్య వచ్చి, "ఇదేంటండీ, మళ్ళీనా?" అంటూ దాని మీద వేలు పెట్టబోయింది. వీధి చివరిదాకా వినిపించేలా అరిచాను:

"ముట్టుకోకు! వేసిన మనిషి వద్దంది!"

మామయ్య